కగచియు హోజుకియు: ఒక ఉపమానము, దాని యనువాదము

అన్యభాషాకావ్యమును తెనిగించువాడు మొదట తడబడునది చెట్టుచేమలకడనే. రాజు ఏ దేశమునందైనను రాజే. వియోగదుఃఖమునకు ఏ భాషయందైనను మాటలు దొరకును. కాని మూలకర్త తన పెరటిలోని యొక మొక్కను చూపి ‘దీనివలె’ ననినప్పుడు, ఆ మొక్క మనకు తెలియనిదైనచో, ఆ ‘వలె’ అను వాచకము పట్టులేక వ్రేలాడును. అప్పుడు అనువాదకుడు సామాన్యముగా రెండు దారులలో నొకటి త్రొక్కును. మూలమందలి పేరును అట్లే దించి ముందునకు సాగును; లేదా మనకు తెలిసిన మఱియొక మొక్కను తెచ్చి దాని స్థానమున నాటును. రెండవదే మేలని, అది తెనుగుదనమునకు అనుకూలమని మనలో పెక్కురు భావింతురు. ఈ భావన యెంతవఱకు నిలుచునో జపాను సాహిత్యమునందలి యొక యుపమానమును తీసికొని పరీక్షింపదలచితిని. ఆ యుపమానము హోజుకి.

హోజుకి వంగ, మిరప, ఉమ్మెత్త మున్నగువాని కుటుంబములోనిది. ఐరోపా మొదలుకొని జపానువఱకు వ్యాపించినది. తెల్లని చిన్నపూవు పూయును. దాని విశేషమంతయు పూవు వాడిన తరువాతనే ఆరంభమగును. పూవునకు అడుగుననుండు రక్షకపత్రములు ఎండి రాలిపోక, కాయతోపాటు తామును పెరిగి, దానిని నలువైపుల కప్పి, గాలి నింపిన కాగితపు సంచివలె నగును. శరత్కాలమున ఆ సంచి పచ్చదనము వీడి నారింజ కలసిన కెంపువన్నె దాల్చును. లోపల అదే వన్నెగల గుండ్రని పండు దాగియుండును. మఱికొంత కాలమునకు సంచియొక్క మెత్తని భాగము క్రుళ్ళి, ఈనెలు మాత్రము వలవలె మిగులును. ఆ వలలోనుండి యెఱ్ఱని పండు కనబడును. లిన్నేయసు 1753లో దీనిని ఫైసాలిస్ అను ప్రజాతిలో చేర్చెను. ఆ పేరునకు మూలమైన గ్రీకుపదమునకు ఉబ్బిన తిత్తి యని యర్థము. ఇటీవలి వృక్షశాస్త్రజ్ఞులు దీనిని అందుండి వేఱుచేసి ఆల్కెకెంజి యను ప్రజాతిగా నెన్నుచున్నారు. ఎఱుపు, గుండ్రదనము, ఉబ్బు, కప్పువడియుండుట, లోపలినుండి వెలుగుట - ఇన్ని ధర్మములు ఒక్క మొక్కయందే యున్నవి. వీనిలో ఏ కవి దేనిని గ్రహించెనో గమనింపక ఈ యుపమానమును తెనిగింపబూనుట సాహసము.

జపానీయుల ప్రాచీనగ్రంథమగు ‘కొజికి’ క్రీ. శ. 712లో ముగిసినది. దానిని వ్రాసి సమర్పించినవాడు ఓ నొ యసుమరొ. అందు సుసనొవొ అను దేవుడు స్వర్గమునుండి వెడలగొట్టబడి ఇజుమొ దేశమున హి నదీతీరమునకు వచ్చును. అచట ఒక ముసలివాడును ముసలిదియు, నడుమ ఒక కన్నెను కూర్చుండబెట్టుకొని యేడ్చుచుందురు. ఎనిమిది తలల మహాసర్పము ఏటేట వచ్చి వారి కూతుండ్రనందఱను మ్రింగివేసినది. మిగిలినది ఈ కన్నె యొక్కతె. ఆ సర్పము ఏ రూపున నుండునని సుసనొవొ యడుగగా ముసలివాడు చెప్పు మొదటిమాటయే కన్నులను గూర్చినది. అవి ‘అకకగచి’ వంటివట. ‘అక’ యనగా ఎఱ్ఱని. కగచి యన నేమి? గ్రంథకర్తయే అచట చిన్న వివరణమును చేర్చెను: ఇచట కగచి యనబడినది నేటి హోజుకి యని.

ఈ వివరణము అల్పముగా తోపవచ్చును. కాని నా దృష్టిలో ఈ యుపమానచరిత్రకంతకును ఇదియే తాళపుచెవి. 712 నాటికే కగచి యను పేరు చదువరులకు తెలియనంత పాతబడెను. అప్పుడు యసుమరొ యెదుట రెండు మార్గములుండెను. పాతమాటను తీసివేసి కొత్తమాటను వేయవచ్చును. వేసిన నడుగువా రెవ్వరును లేరు. అతడు అట్లు చేయలేదు. ముసలివాని నోట పాతమాటనే యుంచి, ప్రక్కన దాని యర్థము చెప్పెను. ఇది అప్రయత్నముగా జరిగినది కాదు. తన పీఠికయందు అతడు వ్రాతపద్ధతిని చర్చించుచు, చీనాలిపిని అర్థమునకు మాత్రము వాడినచో మనసులోని భావము అందదనియు, ధ్వనికి మాత్రము వాడినచో వ్రాత మిక్కిలి దీర్ఘమగుననియు, కావున రెంటిని కలిపి వాడి, తెలియని చోట్ల వివరణము చేర్చుచున్నాననియు చెప్పుకొనెను. అనువాదకునకు ఇంతకంటె మంచి గురువు దొరకుట కష్టము. తన భాషనుండి తన భాషలోనికే అతడు అనువదింపవలసివచ్చినది.

ఎనిమిదేండ్లకు, 720లో, ‘నిహొన్ షొకి’ వెలువడెను. అందును ఈ కథ కలదు, ఈ యుపమానమును కలదు. కాని వ్రాతపద్ధతి తలక్రిందైనది. ‘కొజికి’ ధ్వనిని వ్రాసి యర్థమును వివరించినది. ‘నిహొన్ షొకి’ చీనాలిపిలో మొక్క పేరును అర్థముగా వ్రాసి, దీనిని అకకగచి యని పలుకవలయునని వివరించినది. ఒకరు మాట నిచ్చి వస్తువును చూపిరి. రెండవవారు వస్తువును చూపి మాట నిచ్చిరి. ఇరువురికిని ఉమ్మడియైనది ఒక్కటే: మొక్కయు మాటయు రెండును నిలువవలయునను పట్టుదల.

రెండు గ్రంథములకును కావ్యదృష్టితో మఱియొక భేదము కలదు. ‘నిహొన్ షొకి’లో సర్పవర్ణన కథకునిది, సర్పము ఎదుట నిలిచిన తరువాత చేయబడినది. ‘కొజికి’లో అది ముసలివాని మాట, సర్పము ఇంకను రాలేదు. ఏటేట కూతుండ్రను పోగొట్టుకొని, ఆ కన్నులను పలుమాఱులు చూచినవాడు చెప్పుచున్నాడు. అతడు నగరవాసి కాడు, రత్నములతోను మణులతోను పోల్చుటకు. ఏటియొడ్డున బ్రతుకువాడు, చేరువనున్న మొక్క యొకటి నోటికి వచ్చినది. ఆ సర్పశరీరముపై పాచియు, దేవదారుజాతి వృక్షములును మొలచియుండునట. అది యెనిమిది లోయలును ఎనిమిది కొండలును నిండునట. కడుపు ఎల్లప్పుడు నెత్తురోడుచుండునట. అనగా అది సర్పరూపమున నున్న కొండ, కొండరూపమున నున్న సర్పము. కొండపై చెట్లు మొలచినట్లే దాని ముఖమున పండ్లు పండినవి. కన్నులను పండ్లతో పోల్చుట ఆ సమగ్రచిత్రమున నొక భాగము. ఈ సంగతి ముందు ముందు మనకు అక్కఱకు వచ్చును.

‘నిహొన్ షొకి’లోనే మఱియొక తావున ఈ యుపమానము తిరిగి వచ్చుచున్నది. దానిని ప్రక్కన బెట్టి చూడనిదే దీని ధర్మము తేలదు. దేవతల మనుమడు భూలోకమునకు దిగివచ్చునప్పుడు ఆకాశపు కూడలియందు సరుతహికొ అను దేవుడు అడ్డముగా నిలిచియుండును. ఆ కథకు గ్రంథము ఎత్తిచూపిన పాఠాంతరములలో నొకదానియందు అతని వర్ణన కలదు. ముక్కు ఏడు జేనలట. నోటినుండి వెలుగు వచ్చునట. కన్నులు పెద్ద యద్దమువంటివట, అకకగచివలె జ్వలించునట. తక్కిన దేవతలలో నెవ్వరును ఆ చూపునకు ఎదురు నిలువలేకపోయిరి. కాని సరుతహికొ దుష్టుడు కాడు, దారిచూపుటకు వచ్చినవాడు. సర్పమును దేవుడును ఒకే యుపమానమును పంచుకొన్నారు. కావున అకకగచి దౌష్ట్యమునకు గుఱుతు కాదు. ఎఱుపు మాత్రమే సాధారణధర్మమని చెప్పినను చాలదు; అద్దముతో జతపఱుపబడినది గనుక ఇచట వెలుగు ప్రధానము. తనలోనుండి తాను వెలుగుచు, ఎదుటివాని చూపును వంచు నెఱుపు అది. మొదటిచోట రసము భయానకము, రెండవచోట అద్భుతము. ఆలంబనము మాఱినది, ఉపమానము మాఱలేదు.

ఇక ఆంగ్లానువాదకులు ఏమి చేసిరో చూడవలయును. మనవారికి జపాను సాహిత్యము పెక్కుమాఱులు ఆంగ్లము ద్వారముననే వచ్చుచున్నది గదా. 1882లో ‘కొజికి’ని అనువదించిన ఛేంబర్లేను ఆ మాటను అకకగచి గానే యుంచి, మూలమందలి వివరణమును గూడ అనువదించెను. యసుమరొ పద్ధతి అతనికి పట్టుబడినది. 1896లో ‘నిహొన్ షొకి’ని అనువదించిన ఆస్టను సర్పకథలో దానిని వింటర్ చెర్రి చేసెను. సరుతహికొ వర్ణనకు వచ్చునప్పటికి ఆ ఆస్టనే అకకగచి యని జపానుపేరు నుంచెను. ఒకే గ్రంథము, ఒకే మాట, ఒకే అనువాదకుడు, రెండు పేర్లు. ఆంగ్లమున మాత్రమే చదువువాడు సర్పమునకును దేవునకును గల యీ బంధమును ఊహింపనైన నూహింపలేడు. ఆస్టను మహాపండితుడు, అతని కృషికి జపాను అధ్యయనము ఋణపడియున్నది. అయినను ఇది లోపమే. ఉపమానమును ఏ వాక్యమున కా వాక్యముగా తీర్చుకొని పోవుటవలన కలిగిన లోపము.

ఇచట ప్రసక్తానుప్రసక్తముగా ఒక మాట. జపానులో నొక సర్పజాతికి నేటికిని యమకగషి యని పేరు. ‘యమ’ యనగా కొండ. కగచి యను పండ్ల పేరునకును కగషి యను పాము పేరునకును గల పోలికను బట్టి, రెండింటికి మూలము ఒక్కటే యని, పాముకన్నువంటిది గనుకనే పండునకు ఆ పేరు వచ్చినదని కొందఱు తలంతురు. ఇది మనోహరమైన యూహ. నిజమైనచో ‘కొజికి’లోని యుపమానము తిరుగుడుపడును, పామువలన పేరుగొన్న పండుతో పామునే పోల్చినట్లగును. కాని శబ్దసామ్యముమీద ఇంత భారము మోపుటకు నాకు ధైర్యము చాలదు. కావ్యార్థమునకు ఇది లేకున్నను కొఱత లేదు.

మూడువందల యేండ్లు గడచిన పిదప ఇదే మొక్క రాజాంతఃపురమున కనబడును. అప్పటికి కగచి మఱుగుపడి హోజుకి యను పేరే నిలిచినది. పదునొకండవ శతాబ్ద్యారంభమున మురసకి షికిబు రచించిన ‘గెన్జి మొనొగతరి’లో ఇరువదియెనిమిదవ యధ్యాయము పేరు ‘నొవకి’, అనగా శరత్కాలపు పెనుగాలి. గాలివాన వెలిసిన మఱునాడు గెన్జి తన భవనమందలి స్త్రీలను ఒక్కొక్కరిగా పరామర్శింపబోవును. అందు తమకజుర యొకతె. లోకమునకు ఆమె అతని కూతురు; నిజమునకు అతని స్నేహితుని బిడ్డ. చిన్ననాడే తల్లి పోగా దూరపు త్సుకుషి సీమలో పెరిగి, యౌవనమున రాజధానికి వచ్చినది. ఆమె ముఖమును వర్ణించుచు రచయిత్రి దానిని బొద్దుదనమున హోజుకితో పోల్చినది. ముఖముమీద పడిన జుట్టు సందులనుండి కనబడు చక్కదనమును మెచ్చుకొన్నది. ఆ వెంటనే, కన్నులలో నవ్వు ఒకింత హెచ్చై గాంభీర్యము కొంచెము తగ్గినదని సన్నని యాక్షేపణమును చేసినది.

సర్పము కన్ను ఎక్కడ, తరుణి ముఖము ఎక్కడ! ఐనను వాక్యమును నిదానించి చూచినచో ఇచట ఎఱుపు ప్రస్తావనయే లేదు. స్పష్టముగా చెప్పబడిన ధర్మము ఉబ్బు, బొద్దుదనము. పైగా రచయిత్రి హోజుకి యని ఊరక యనలేదు. హోజుకి యని జనులు దేనినో యందురే యనునట్టి పలుకుబడి వాడినది. ఉత్తమకులస్త్రీ సభలో నొక మోటుమాట నాడవలసివచ్చినప్పుడు దానిని తనది కానట్లు, ఇతరులది యైనట్లు చెప్పు నేర్పిది. మన యాలంకారికుల పరిభాషలో హీనోపమ యని శంకింపదగిన చోటు. వామనుడు చెప్పిన ఆఱు ఉపమాదోషములలో హీనత్వము మొదటిది. కాని సహృదయునకు ఉద్వేగము కలుగనిచోట అట్టివి దోషములు కావని దండి యొప్పుకొనెను. మురసకి షికిబు ఆ ఉద్వేగమును ముందే యూహించి, ‘అందురే’ యను చిన్న యెడముతో దానిని తొలగించినది. సీమనుండి వచ్చిన పిల్లకు సీమ యుపమానము. దానిని పలుకునది మాత్రము రాజధాని నాలుక. తమకజుర స్థితియంతయు, ఇంటిది కాని యింటిబిడ్డ యను ఆ చిక్కు అంతయు, ఈ పలుకుబడిలో నిమిడియున్నదని నా తలంపు.

ఆ యధ్యాయముననే ఈ యుపమానమునకు ప్రతిగా మఱియొకటి కలదు. గెన్జి కుమారుడు యూగిరి గాలికి తొలగిన తెరల సందున స్త్రీలను చూచి వారిని పూవులతో పోల్చుకొనును. మురసకి యను నాయిక చెఱ్ఱిపూవు. తమకజుర పసుపుపచ్చని యమబుకి. అకషి సీమనుండి వచ్చిన చిన్నది, లతలనుండి వ్రేలాడు ఊదాపూగుత్తి. ఇవి జపాను కవిసమయములు. ఎవ్వరికిని తప్పుపట్ట వీలులేనివి. యమబుకి పోలికకడ రచయిత్రియే, ఈ యుపమానములు ఋతువునకు తగినవి కావని యొప్పుకొన్నది. అవి వసంతపు పూవులు. కథ నడచునది ఎనిమిదవ మాసమున. చెఱ్ఱియు యమబుకియు ఆ వేళ తోటలో లేవు. హోజుకి యున్నది, ఆ మాసమున పండునది అదియే. యువకుడు ఆమెను కవిత్వములో చూచెను. రచయిత్రి తోటలో చూచినది. క్షేమేంద్రుని ఔచిత్యవిచారమును ఇచట అన్వయించినచో కాలౌచిత్యము హోజుకిదే యగును. కేశముల సందున ముఖమును చూచునప్పుడు, ఈనెలవలలోనుండి కనబడు పండు రచయిత్రికి స్ఫురించెనేమో. వాక్యము దానిని చెప్పలేదు గనుక నిర్బంధింపరాదు. అయినను ఆ పండును చూచినవారికి ఈ యూహ రాకమానదు.

ఆ కాలపు చరిత్రకథయగు ‘ఎయిగ మొనొగతరి’లో నొక యున్నతకుల స్త్రీ ముఖమును ఊది యుబ్బించిన హోజుకితో పోల్చిరి. ఇచట ‘ఊది’ యను మాట ముఖ్యమైనది. పండు తొడిమకడ చిన్న రంధ్రము చేసి, లోపలి గింజలను గుజ్జును మెల్లగా తీసివేసి, తోలుబుఱ్ఱను గాలితో నింపి, నోట పెట్టుకొని నొక్కి ధ్వని చేయుట జపాను బాలికల ఆట. ఆ యాట నాటికే యున్నదనుటకు ఈ వాక్యమును సాక్ష్యముగా చూపుదురు. కావున తమకజుర ముఖముతో పోల్చబడినది కొమ్మమీది పండో, బాలికల చేతిలోని ఊదిన తోలుబుఱ్ఱయో తేల్చుట సులభము కాదు. నేను రెండవదాని వైపే మొగ్గుదును. బొద్దుదనము ఊదిన పండునకు ఎక్కువ తగును. సేయి షోనగొన్ తన ‘మకుర నొ సోషి’లో పెద్దవిగా నుండిన బాగుండు వస్తువుల పట్టిక వ్రాయుచు హోజుకిని చేర్చినది. ప్రచారములోనున్న పాఠమున దాని ప్రక్కనే యమబుకిపూవును చెఱ్ఱిపూ రేకును ఉన్నవి. ‘నొవకి’లోని మొక్కలే ఇచటను వరుసగా నిలుచుట వింతగా నున్నది, ఇంతకంటె దీనిని సాగదీయను.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పుకొనవచ్చును. హోజుకిని వ్రాయు చీనాక్షరముల జంటలలో నొకదానికి దయ్యపుదీపము అని యర్థము. పితృదేవతలు ఇండ్లకు వచ్చు బోన్ పండుగలో ఎఱ్ఱని హోజుకి కాయలను దారిచూపు దీపములుగా వేదికపై నుంచుదురు. తోక్యోలో అసకుస పేటయందలి సెన్సోజి దేవాలయమున ఏటేట జూలై 9, 10 తేదులలో హోజుకి సంత జరుగును. ఆ దినముననొక దర్శనము 46,000 దినముల దర్శనమునకు సమమని నమ్మకము. హైకూ కవులు పండిన హోజుకిని శరదృతుపదముగా నెన్నిరి. బషో యొక హైకూలో ఈ మొక్క సర్వాంగముల యెఱుపును శరత్కాలపు ఆకుల శోభతో ముడిపెట్టెను. దారిచూపిన సరుతహికొ కన్ను వేయియేండ్లకు దారిచూపు దీపమైనదని చెప్పుటకు మనసు ఉవ్విళ్ళూరును గాని, నడుమ లంకెలు దొరకనంతవఱకు అది విమర్శ గాదు, కవిత్వము. ప్రజలు ఈ మొక్కయందు వెలుగును చూచుట ప్రాచీనము కావ్యమున, ప్రచురము లోకమున అని యంతవఱకే చెప్పవచ్చును.

ఇప్పుడు తెనుగునకు వత్తము. ‘కొజికి’ సర్పమును తెనిగించువానికి మొట్టమొదట తోచునది చింతనిప్పులు. కోపమున ఎఱ్ఱబాఱిన కన్నులకు తెనుగున ఇంతకు మించిన మాట లేదు. ఎఱుపు వచ్చినది, వెలుగు వచ్చినది, భయము వచ్చినది. వాక్యమును విడదీసి చూచినచో ఇది మూలముకంటెను బిగువైనదని వాదింపవచ్చును. ప్రత్యామ్నాయవాదులకు ఇదియే బలమైన యుదాహరణము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. కాని చింతనిప్పులు వచ్చినంతనే పండు పోయినది. మేన పాచియు చెట్లును మొలచిన సర్పమునకు ముఖమున పండ్లు పండిన ఆ కొండచిత్రము చీలిపోయినది. అడవిలో నిప్పు రగిలినది. ముసలివాడు పండును చూపెను. మనము నిప్పును చూపితిమి. ఆ పిదప ‘గెన్జి’కి వచ్చి తమకజుర ముఖమును చింతనిప్పులతో పోల్చగలమా? అక్కడ మఱియొక వస్తువును వెదకవలసివచ్చును. ఆస్టను ఒక గ్రంథమున చేసిన లోపమును మనము ఒక సాహిత్యమంతట చేసినవార మగుదుము.

పండే కావలయునన్నచో దొండపండు కలదు. ఎఱుపునకు అది యుపమానప్రసిద్ధము. ఆ ప్రసిద్ధియే చిక్కు. బింబము మన కావ్యములలో అధరమునకు అంకితమైపోయినది. బింబమనగానే శృంగారము మెదలును. సర్పము కన్నులు దొండపండ్లవలె నున్నవన్నచో చదువరి నవ్వును. దొండపండునకు ఎఱుపు లేక కాదు. ఆ యెఱుపు ఇదివఱకే వేఱొక రసమునకు అమ్ముడుపోయినది గనుక. ఉపమానమునకు ధర్మము మాత్రమే కాక పూర్వచరిత్రయు నుండునని ఆలంకారికులు విడిగా ఎత్తి చెప్పకపోయినను, కవిసమయములను గూర్చిన వారి చర్చలో ఈ యెఱుక కలదు.

బంధుత్వమును బట్టి పోదమా? మన చేలగట్లపై వర్షాకాలమున మొలచు కుపంటి కలదు. బుడ్డబూసర యనియు దానినే యందురు. ప్రాంతమును బట్టి ఇంకను పేర్లు కలవు. ఇది హోజుకికి దగ్గఱి చుట్టము. ఇట్లే ఉబ్బిన సంచి, ఇట్లే లోపల పండు. గ్రీకులనుండి వచ్చిన పేరునకు తిత్తి యని యర్థమైనట్లే, మన పేరులోని ‘బుడ్డ’యు ఉబ్బునే చెప్పుచున్నది. పిల్లలు ఆ సంచిని నుదుట గొట్టి టప్పున పగులగొట్టి యానందింతురు, పండును తిందురు. బాల్యముతోడి సంబంధము, మోటుదనము, బొద్దుదనము అన్నియు ఉన్నవి గనుక తమకజుర ముఖమునకు కుపంటి చాలవఱకు సరిపోవును. ప్రత్యామ్నాయవాదమునకు ఇది రెండవ విజయము. కాని కుపంటి సంచి పచ్చగానుండి, ఎండి గడ్డివన్నె యగును; పండు పసుపు. దీపమువలె ఎన్నడును వెలుగదు. సర్పమునకు కుపంటి కన్నులు పెట్టినచో వామనుడు చెప్పిన అసాదృశ్యమను దోషము మూలమున లేనిచోట మనము పుట్టించినవార మగుదుము. చింతనిప్పులు ఒకచోట గెలిచి రెండవచోట ఓడినవి. కుపంటి రెండవచోట గెలిచి మొదటిచోట ఓడినది. హోజుకి రెండుచోట్లను గెలిచినది.

మిగిలిన దారి ఆంగ్లనిఘంటువు. ఇది అన్నింటికంటె ప్రమాదకరము. ఆస్టను వాడిన వింటర్ చెర్రి యను పేరు ఆంగ్లమున హోజుకికే పరిమితము కాదు; అశ్వగంధకును అదే పేరు కలదు. లిన్నేయసు 1753లో అశ్వగంధను గూడ ఫైసాలిస్ ప్రజాతిలోనే చేర్చెను; 1852లో డ్యునాల్ దానిని విథానియాలోనికి మార్చెను. అశ్వగంధను తెనుగున పెన్నేరు అందురు. కావున ఆంగ్లపు పేరు వెంటబడి నిఘంటువులు తిరుగవేయు తెనుగు అనువాదకుడు నిజాయితీగా పనిచేసియే పెన్నేరుకడ తేలవచ్చును. సర్పము కన్నులు పెన్నేరుపండ్లవలె నున్నవని వ్రాయవచ్చును. విచిత్రమేమనగా వస్తువును చూచినచో అది పూర్తిగా తప్పు కాదు: పెన్నేరునకును పొర కలదు, లోపల ఎఱ్ఱని పండు కలదు. కాని ఆ పండు బఠాణిగింజంత, పొర ఎఱ్ఱబాఱదు, ఆ మొక్క మనవారికి తెలిసినది పండువలన కాదు, వైద్యులు వాడు వేరువలన. పెన్నేరనగానే చూర్ణమును లేహ్యమును తోచునుగాని కన్ను తోచదు. శాస్త్రమునకు దగ్గఱయైనది కావ్యమునకు దూరమగుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కనబడలేదు.

ఈ పరీక్షను బట్టి నా పక్షము ఇది. ఒక యుపమానము ఒకే గ్రంథమున ఒకేసారి వచ్చి, దాని ధర్మము వాక్యమున స్పష్టముగా చెప్పబడి, ఆ ధర్మమున మన వస్తువు దానితో సమానమైనచో ప్రత్యామ్నాయము చెల్లును. సాహిత్యమంతట ప్రయాణముచేసిన యుపమానమునకు చెల్లదు. అట్టిదానికి మూలనామమును నిలుపవలయును. ధర్మమును వాక్యమున వినిపింపవలయును. వస్తువును వివరణమున చూపవలయును. పేరు నుంచి యూరకుండుట అనువాదము కాదు, పలాయనము. ‘కొజికి’ తెనుగున అకకగచి యని వ్రాసి, యసుమరొ వివరణమును గ్రంథభాగముగనే యనువదింపవలెను. దానిని పుట యడుగునకు త్రోయరాదు, అతడు త్రోయలేదు గనుక. ‘నిహొన్ షొకి’ తెనుగున సర్పమునకును సరుతహికొకును అదే మాట పడవలయును. ‘గెన్జి’లో హోజుకి యని వ్రాసి, బొద్దుదనమును చెప్పు మాటను ఒత్తి పలికించి, ‘అందురే’ యను ఎడమును తప్పక నిలుపవలెను. కుపంటిని అచట వివరణమున చుట్టముగా చూపిన మేలే, పీటమీద కూర్చుండబెట్టరాదు.

దీనికి ఎదురుగా ఒక్క యాక్షేపణము బలమైనది కలదు. తెనుగు చదువరి హోజుకిని చూచియుండడు. చూడనిదాని పోలిక మనసున బొమ్మ కట్టదు. నిజమే. కాని చకోరమును చూచి వెన్నెలను మెచ్చినవారు మనలో నెవ్వరు? హంసల నడకను ఎందఱు చూచిరి? కావ్యములు పదేపదే చెప్పగా అవి మనకు చూచినవానికంటె దగ్గఱివైనవి. హోజుకి మూడు గ్రంథములలో మూడు మాఱులు అదే పేరుతో మన చెవిని బడినచో నాలవమాఱు వివరణము అక్కఱలేదు. ప్రతిమాఱును పేరు మార్చినచో ఎన్నటికిని ఆ పరిచయము కలుగదు. ఇక మిగిలిన చిక్కు కగచి, హోజుకి యను రెండు పేర్లది. రెండును ఒకే మొక్క యని చదువరికి తెలియవలయును, కాని ఒకటి పురాణపు పేరనియు, రెండవది ఇంటిపేరనియు గూడ తెలియవలయును. ‘కొజికి’ అనువాదమున యసుమరొ వివరణము ఈ పని చేయును. ‘గెన్జి’ అనువాదమున ‘నొవకి’ వాక్యమునకు వ్రాయు వివరణములో సర్పము కన్నును ఒక్క మాటతో జ్ఞాపకము చేయవలసియుండును.